నలభై టోకెన్లు

ఎక్స్ఛేంజ్ అత్తయ్యకి ఒకచోట కూర్చోవడం చేతకాదు. ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒకే కుర్చీకి అతుక్కుపోయిన మనిషి, రిటైరయిన మర్నాటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టింది. ఆపరేషన్ చేయించుకుని మంచం మీద ఉండమన్నా ఉండేది కాదేమో, ఆ దేవుడి దయవల్ల అంత అవసరం రాలేదు.

అయినా ఆ తిరుగుడు ఊరికే కాదు. ఇంట్లో కూర్చుంటే డబ్బు ఖర్చవుతుంది. ఆవిడ అద్దెకున్నది మూడో అంతస్తు పైన డాబా మీద రేకుల గది. పొద్దున తొమ్మిదయ్యేసరికి రేకులు పెనంలా కాలతాయి. ఫ్యాను వేసుకోవచ్చు కదా అంటారు తెలియనివాళ్ళు. మీటరు వంద యూనిట్లు దాటిందంటే రేటు ఒక్కసారిగా రెట్టింపవుతుంది. అందుకని రాత్రి పూట మాత్రం ఫ్యాను, పగలు బయట. పెన్షన్ చూడబోతే రిటైరయిన రోజు ఎంతో ఇవాళా దాదాపు అంతే. ఎంత చెట్టుకి అంత గాలి అంటారు. మరి ఆవిడ చెట్టుకి ఆ కాస్త గాలి కూడా మీటరులోంచే రావాలాయె!

పొదుపులో ఆవిడని మించినవాళ్ళు ఆ వీధిలో లేరు. సబ్బు అరిగి పలకైతే కొత్త సబ్బు వీపుకి అతికించేది. టూత్‌పేస్టు గొట్టం అణిగిపోయాక కత్తెరతో నిలువునా కోసి, లోపల బ్రష్షు తిప్పి ఇంకో ఐదు రోజులు లాగేది. గిన్నె ఉడుకు పట్టగానే పొయ్యి ఆపేసి, మూత పెట్టి, పైన పాత దుప్పటి చుట్టేస్తే మిగతా వంట దానంతటదే అవుతుందని కనిపెట్టింది. కూరగాయల బజారుకి కట్టేసే వేళకి వెళ్ళేది. పొద్దున బెట్టు చేసిన బేరగాళ్ళే ఆ వేళకి చేతిలో పెట్టి పంపేవాళ్ళు. బస్సు ఎక్కితే ఒక స్టాపు ముందే దిగిపోయేది, అక్కడితో టికెట్టు ధర మారుతుంది కనుక. ఇన్ని చేస్తూ ఒక్కరి దగ్గరా చెయ్యి చాచలేదు. లేకపోతే లేకపోయె, లేదన్న సంగతి నలుగురికీ తెలియకూడదు. అదీ అత్తయ్య పట్టు.

కాబట్టి పొద్దున్నే ఎక్కడికి వెళ్తున్నావని అడిగినవాళ్ళకి ఒక జవాబు తయారుగా ఉండేది.

"పాత ఆఫీసులో రికార్డులన్నీ చిందరవందరగా ఉన్నాయట. నేను తప్ప ఎవరికీ తెలియదంటారు. రమ్మని ఒకటే పోరు. ఏం చేస్తాం, కాదంటే బాగుండదు కదా!"

చెప్పేటప్పుడు కాస్త విసుగు కూడా నటించేది. చెప్పొద్దూ, బాగా నటించేది.

వెళ్ళేది మాత్రం కంటాసుపత్రికి.

రెండేళ్ళ కిందట దగ్గర చూపు అద్దాల కోసం ఒకసారి ధర్మాసుపత్రికి వెళ్ళింది. నాలుగు గంటలు కూర్చోబెట్టారు. మిగతావాళ్ళంతా తిట్టుకుంటుంటే అత్తయ్య మాత్రం ఇంత సుఖం తన జన్మలో ఎరగననుకుంది. ఎత్తైన కప్పు, ఎనిమిది ఫ్యాన్లు, మూలన చల్లటి మంచినీళ్ళు, శుభ్రమైన బెంచీలు. పైగా అక్కడ ఒకరినొకరు చూసుకునే బాధ లేదు. కంట్లో చుక్కలు వేయించుకుని అందరూ కళ్ళు మూసుకుని కూర్చుంటారు. మళ్ళీ మర్నాడు వెళ్తే కాపలావాడు గుమ్మంలో ఆపాడు.

"టోకెన్ ఉన్నవాళ్ళే లోపలికమ్మా."

టోకెనంటే నంబరు వేసిన ప్లాస్టిక్ బిళ్ళ. రోజుకి నలభై ఇస్తారు. ఏడింటికి కిటికీ తెరుస్తారు, అరగంటలో అయిపోతాయి. దొరకనివాళ్ళని అప్పుడే ఇంటికి పంపేస్తారు. దొరికినవాళ్ళు హాల్లో కూర్చుంటే తొమ్మిదింటి నుంచి మూడింటి దాకా నంబరు వారీగా లోపలికి పిలుస్తారు. మూడు సార్లు పిలిచి పలకకపోతే తర్వాతి నంబరు. అంతే! బిళ్ళ ఊరకే ఇస్తారు, పోయేటప్పుడు డబ్బాలో పడేస్తే చాలు. ఇంకేం కావాలి? అత్తయ్య రోజూ ఆరుంబావుకి బయలుదేరి, నడిచి వెళ్ళి, ఒకటో రెండో మూడో నంబరు తీసుకునేది. పిలిచినప్పుడు పలికేది కాదు. సాయంత్రం ఎండ తగ్గాక ఇంటికి.

ఆదివారం ఆసుపత్రి ఉండదు గనక ఆ రోజు రైల్వే వెయిటింగ్ హాలు. అది వేరే కథ, దాన్ని వదిలేద్దాం.

ఇంత మంచి ఉపాయాన్ని కడుపులో దాచుకోవడం ఎవరి వల్లవుతుంది? గ్రంథాలయంలో పరిచయమైన లెక్కల మాష్టారికి చెప్పింది. ఆయనదీ పెన్షన్ బతుకే. ఆయన బస్సు కండక్టరుగా రిటైరయిన తన స్నేహితుడికి చెప్పాడు. ఆ స్నేహితుడి గొంతు వీధి చివర దాకా వినిపిస్తుంది కనుక అందరూ బాకా అంటారు. బాకాకి తెలిశాక ఇంకేముంది, వేసవి వచ్చేసరికి మూడో ఫ్యాను కింద ఏడుగురు పోగయ్యారు. మాష్టారు పేపరు తెచ్చేవాడు, బాకా వేయించిన శనగలు తెచ్చేవాడు. అత్తయ్యని 'ప్రిన్సిపాల్ గారూ' అని పిలిచేవాళ్ళు. ఆవిడ పైకి కసురుకునేది గానీ లోపల మహా సంతోషంగా ఉండేది.

ఇంటి దగ్గర ఆవిడకి దగ్గరైన మనిషి ఒక్కతే, కింద వీధి గదిలో ఉండే మిషనమ్మాయి. బట్టలు కుడుతుంది. ముప్పై ఏళ్ళుంటాయి. మొగుడు లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. ఆ ఇంటికంతటికీ కింద ఒక్కటే కొళాయి. నీళ్ళు ఆరున్నరకి వచ్చి ఏడున్నరకి పోతాయి. అత్తయ్య ఆ వేళకి ఉండదు కదా! కొళాయి పక్కన రెండు ఖాళీ బిందెలు పెట్టి వెళ్ళిపోతే, మిషనమ్మాయి తన నీళ్ళతో పాటు వాటినీ నింపి మూడంతస్తులూ మోసి గది ముందు పెట్టేది. అత్తయ్య ఎప్పుడూ అడగలేదు, ఆ పిల్ల ఎప్పుడూ చెప్పలేదు. ఒకరోజు మోసింది, అలా సాగిపోయింది.

ఒక సోమవారం మధ్యాహ్నం మందంగా ఉన్న యూనిఫాం బట్ట కుడుతుంటే మిషనమ్మాయి సూది విరిగింది. విరిగిన ముక్క ఎగిరి వచ్చి ఎడమ కంట్లో తగిలింది. చిన్న ముక్క. కన్ను కడుక్కుంది, రెండు నిమిషాలు మూసుకుంది, మళ్ళీ కూర్చుంది. బడులు తెరిచే రోజులు. అరవై జతలు ఇవ్వాలి. ఆ పని పోతే మళ్ళీ ఏడాది దాకా అంత పని రాదు. మంగళవారానికి కన్ను ఎర్రబడింది. దారం ఎక్కించబోతే రెండు సూదులు కనిపిస్తున్నాయట.

ఆ సాయంత్రం కూరగాయల సంచితో వస్తున్న అత్తయ్య గుమ్మం దగ్గర ఆగింది.

"ఏమ్మా, కన్నేంటలా ఉంది?"

"ఏం లేదత్తయ్యా, నలుసు పడింది."

"నలిపావా?"

"నలపకుండా ఉంటానా!"

"నలపకు. ఆసుపత్రికెళ్ళి చూపించుకో. ధర్మాసుపత్రిలో కంటి డాక్టరమ్మ మంచిదట" అంది అత్తయ్య. 'మంచిదట' అంది చూశారా, ఎవరో చెప్పగా విన్నట్టు!

బుధవారం ఏమైందో అత్తయ్యకి తెలియదు. నీళ్ళు పట్టుకుని, ఆసుపత్రికి చేరేసరికి ఏడూ నలభై అయిందని, కిటికీ మూసేశారని, అలాగే తిరిగొచ్చి మిషను ముందు కూర్చుందని మిషనమ్మాయి ఆ రోజు ఎవరికీ చెప్పలేదు.

గురువారం అత్తయ్య మూడో నంబరుతో మూడో ఫ్యాను కింద కూర్చుని ఉంది. చేతిలో మాష్టారి పేపరు. హాలుకీ టోకెన్ల కిటికీకీ మధ్య ఇనుప జాలీ ఒక్కటే అడ్డం. జాలీ అవతల వరసలో గొంతులన్నీ వినిపిస్తుంటాయి. ముప్పై ఒక్క ఏళ్ళు గొంతుల మధ్య బతికిన మనిషి, ఒక్క ముక్క వింటే చాలు మనిషిని పోల్చుకుంటుంది.

"ఒక్కటి చూడండి బాబూ. కన్ను తెరవలేకపోతున్నాను."

మిషనమ్మాయి గొంతు.

"అయిపోయాయమ్మా. నలభై ఇచ్చేశాం. రేపు కాస్త ముందు రా" అన్నాడు కిటికీలో గుమస్తా.

"నిన్న కూడా ఇలాగే అన్నారు. ఇవాళ నా ముందు ముగ్గురే ఉన్నారు, అంతలోనే మూసేస్తే ఎలా?"

"నేనేం చెయ్యనమ్మా, నా జేబులో ఏమన్నా దాచుకున్నానా?"

నాలుగడుగులు. జాలీ దగ్గరికి నాలుగే అడుగులు. బిళ్ళ ఆ సందులోంచి పడుతుంది కూడా. అత్తయ్య చెయ్యి సంచిలోకి వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఆగిపోయింది. 'మీరిక్కడేం చేస్తున్నారత్తయ్యా' అంటే? నా కళ్ళు చూపించుకోవడానికి వచ్చానంటే సరిపోయేది. అయితే పక్కనే బాకా ఉన్నాడు. 'మా ప్రిన్సిపాల్ గారు రెండేళ్ళ నుంచి ఇక్కడే కదండీ' అని హాలంతా దద్దరిల్లేలా అనేస్తాడు, వాడికి దాపరికం అన్న మాటే తెలియదు. రోజుకో అబద్ధాన్ని అవలీలగా ఆడే మనిషికి ఆ పూట ఒక్కటీ తట్టలేదు. పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకుంది.

దించి చూసేసరికి జాలీ అవతల ఎవరూ లేరు.

లేచింది. గబగబా గుమ్మం దాకా వెళ్ళింది. వీధిలో అటూ ఇటూ చూసింది. మిషనమ్మాయి ఎటు వెళ్ళిందో ఏమో, కనపడలేదు. నాలుగడుగులు పరిగెత్తితే మలుపు దగ్గర దొరికేదేమో కూడా. పరిగెత్తలేదు. వెనక్కి తిరిగితే కాపలావాడు అడ్డం నిలబడ్డాడు.

"టోకెనమ్మా?"

చూపించింది. లోపలికొచ్చి కూర్చుంది. ఆ రోజు శనగలు తినలేదు, పేపరు చదవలేదు, 'మూడూ... మూడూ... మూడూ...' అని పిలుస్తుంటే చెవులు మూసుకుంది. పన్నెండింటికే బయటపడి ఎండలో వీధులన్నీ తిరిగింది. ఏదో ఎర్రదనం, రెండు రోజుల్లో అదే పోతుంది అనుకుంది. మళ్ళీ, పోకపోతే అనుకుంది. ఒక వీధి దాటేసరికి మొదటి మాట, ఇంకో వీధికి రెండో మాట.

సాయంత్రం మిషనమ్మాయి గుమ్మంలోకి వెళ్ళింది.

"చూపించుకున్నావా?"

"రెండు రోజులు వెళ్ళాను అత్తయ్యా, టోకెన్లు అందలేదు. నీళ్ళు పట్టి, పైకి మోసి వెళ్ళేసరికి అయిపోతున్నాయి. ఇవాళయితే పరిగెత్తాను కూడా."

పైకి మోసి! ఎవరి నీళ్ళు పైకి మోసిందో అత్తయ్యకి వేరే చెప్పాలా?

"మందుల షాపతను చుక్కలిచ్చాడు" అంది మిషనమ్మాయి. "వేసుకోగానే హాయిగా ఉంది. ఎర్రదనం కూడా తగ్గినట్టే ఉంది కదూ?"

అత్తయ్య వంగి చూసింది. తగ్గినట్టే ఉంది. తగ్గాలని ఎంత గట్టిగా అనుకుందో అంతగానూ తగ్గినట్టు కనిపించింది. శుక్రవారం ఇంకా తగ్గింది. ఆ రోజు మిషను చప్పుడు రాత్రి దాకా ఆగలేదు. అమ్మయ్య అనుకుని అత్తయ్య శనివారం నాలుగో నంబరు తీసుకుంది. అవును, తీసుకుంది. ఆవిడ మీద నాకెంత అభిమానమున్నా ఆ మాట దాచను.

ఆదివారం సాయంత్రం వెయిటింగ్ హాలు నుంచి వచ్చేసరికి మిషను ఆగి ఉంది. మిషనమ్మాయి నేల మీద గోడవైపు తిరిగి పడుకుని, అరచేయి కంటికి అదిమి మూలుగుతోంది. చెయ్యి తీయించి చూస్తే నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క, మినపగింజంత.

"రేపు పొద్దున ఆరింటికి ఇద్దరం వెళ్తున్నాం" అంది అత్తయ్య.

"నీళ్ళు?"

"నీళ్ళు లేకపోతే మానె! నోరుమూసుకుని పడుకో."

సోమవారం ఏడింటికి కిటికీ తెరవగానే ఒకటో నంబరు అత్తయ్య చేతిలో పడింది. గుమ్మంలో కాపలావాడు నవ్వాడు.

"రండమ్మా. ఇవాళ తోడు తెచ్చుకున్నారే!"

మిషనమ్మాయి నొప్పితో తల దించుకుని ఉంది కనుక ఆ మాట పట్టించుకోలేదు. అత్తయ్య ఆ పిల్లని మూడో ఫ్యాను వైపు కాకుండా దూరంగా మూలకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. మాష్టారూ బాకా ఇటు చూసి చెయ్యి ఊపితే చూడనట్టు ఊరుకుంది. తొమ్మిదయింది. "ఒకటి" అన్నారు. రెండేళ్ళలో మొదటిసారి అత్తయ్య పిలుపుకి పలికింది.

డాక్టరమ్మ కంట్లో పసుపుపచ్చటి చుక్క వేసి, నీలం దీపం పెట్టి చాలాసేపు చూసింది.

"ఎన్నాళ్ళయింది దెబ్బ తగిలి?"

"వారమండి."

"వారం నుంచి ఏం చేస్తున్నావమ్మా?"

"బుధవారం వచ్చాను, గురువారం వచ్చాను. టోకెన్లు లేవన్నారు. మందుల షాపులో చుక్కలు కొనుక్కుని వేసుకున్నాను."

సీసా చూపిస్తే డాక్టరమ్మ తల పట్టుకుంది. ఆ చుక్కలు ఎర్రదనాన్ని కప్పి పుచ్చుతాయట, లోపల పుండుని పెంచుతాయట.

"గురువారం చూసి ఉంటే రెండు వారాల్లో మానేది. ఇప్పుడు పుండు మానినా మరక ఉండిపోతుంది. ఈ కంటికి ఇక మసకే. ముందు కన్ను దక్కించుకుందాం." ఆవిడ కలం కింద పెట్టి, ఎవరితోనో అన్నట్టు అంది: "రోజూ ఇదే గోల. నలభై ఇస్తున్నాం, పిలిస్తే ముప్పై మంది పలుకుతారు. మిగిలిన పది మంది ఏమవుతారో నాకు అంతుబట్టదు. ఇలాంటివాళ్ళేమో కిటికీ దగ్గర నుంచే వెనక్కి పోతున్నారు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అత్తయ్య పైట సర్దుకుంది.

"గంటగంటకీ చుక్కలు వెయ్యాలి. వారం రోజులు రాత్రీ పగలూ. తనంతట తను వేసుకోలేదు. ఇంట్లో ఎవరున్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

మిషనమ్మాయి నోరు తెరిచేలోపే అత్తయ్య అంది: "నేనున్నాను."

కంటికి రేకు డొప్ప అంటించి పంపించారు. మిషనమ్మాయిని మూల బెంచీ మీద కూర్చోబెట్టి మందుల వరసలో నిలబడి తెచ్చేసరికి పది దాటింది. అప్పుడే లోపలి నుంచి ఆయా పిలుస్తోంది.

"పదకొండు... పదకొండూ..."

మాష్టారు మూడో ఫ్యాను కింద కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పదకొండు ఎవరి దగ్గరుందో అత్తయ్యకి తెలుసు. జేబులోంచి నంబరు అంచు కనిపిస్తూనే ఉంది.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో చెప్పలేను. విసవిసా వెళ్ళి ఆయన భుజం పట్టుకుని కుదిపేసింది.

"లేవండి మాష్టారూ! పిలుస్తున్నారు, వినపడటం లేదూ?"

"ఏమిటండీ ఇది?" అన్నాడాయన బిత్తరపోయి.

"కళ్ళు బాగాలేకపోతే లోపలికెళ్ళండి, బాగుంటే బయటికెళ్ళండి. ఇది ఆసుపత్రి! ఇచ్చెయ్యండి ఆ బిళ్ళ. మీరు కూడా! అందరూ ఇచ్చెయ్యండి!"

హాల్లో మూసుకున్న కళ్ళన్నీ తెరుచుకున్నాయి. బాకా శనగల పొట్లం పక్కన పెట్టాడు.

"అదేంటండీ ప్రిన్సిపాల్ గారూ, మాకు నేర్పింది మీరే కదా! రెండేళ్ళ నుంచి రోజూ మొదటి బిళ్ళ తీసుకునేది ఎవరండీ? మేము నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళం!"

ఆ గొంతు గురించి ముందే చెప్పాను కదా. మూల బెంచీ ఎంత దూరమని? అత్తయ్య నెమ్మదిగా తల తిప్పింది. మిషనమ్మాయి ఒంటి కన్నుతో ఇటే చూస్తోంది.

ఇద్దరూ ఇంటికి నడిచారు. అత్తయ్య ఒకసారి చెయ్యి పట్టుకోబోతే మిషనమ్మాయి విదిలించుకోలేదు, అలాగని పట్టుకోనూ లేదు. దారిలో ఒకచోట గుంత వస్తే "చూసుకో" అంది అత్తయ్య.

వీధి గది తలుపు తీసి లోపలికి వెళ్ళారు. అరవై జతల యూనిఫాంలలో ఇరవై రెండు ఇంకా కత్తిరించిన ముక్కలుగానే ఉన్నాయి. మిషనమ్మాయి మంచం మీద కూర్చుంది. అత్తయ్య నిలబడే ఉంది. మందుల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మారుస్తోంది.

"గురువారం కూడా లోపలే ఉన్నారా?" అని అడిగింది మిషనమ్మాయి.

లేనని అంటే సరిపోయేది. సాక్ష్యం లేదు. బాకా ఇక్కడ లేడు.

"ఉన్నాను" అంది అత్తయ్య. "నీ గొంతు విన్నాను. మూడో నంబరు నా సంచిలోనే ఉంది. పేపరు అడ్డం పెట్టుకున్నాను."

"ఎందుకూ?"

"పైన గది కాలిపోతుందే అమ్మా. ఫ్యాను వేసుకుంటే బిల్లు కట్టలేను. అందుకని అక్కడ కూర్చుంటాను. అది నీకు తెలిస్తే తలెత్తుకోలేననిపించింది. ఆఫీసు లేదు, రికార్డులు లేవు, ఏమీ లేవు."

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

"మీ ఎక్స్ఛేంజ్ కూలగొట్టినప్పుడు ఆ ఇటుకలన్నీ తోలింది మా ఆయన లారీయే" అంది చివరికి. "నాలుగేళ్ళయింది. మీకు ఆఫీసు లేదని ఈ ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు అత్తయ్యా. ఏదో నడుచుకుంటూ నెట్టుకొస్తోంది, పాపం అని అందరికీ తెలుసు. నేను మీ బిందెలు ఎందుకు మోస్తున్నాననుకున్నారు?"

అత్తయ్య గోడకి ఆనుకుంది.

"ఈ గది చూడండి. మూడు అంతస్తులు నెత్తిన ఉన్నాయి, ఎండ తగలదు. మధ్యాహ్నాలు ఇక్కడొచ్చి కూర్చోండని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. అంటే ఎక్కడ చిన్నబుచ్చుకుంటారోనని మింగేశాను." అంతవరకూ మెల్లగా మాట్లాడుతున్న పిల్ల అక్కడ ఒక్కసారి గొంతు పెంచింది. "అడిగేసి ఉండాల్సింది! నాదే బుద్ధి తక్కువ. మీరు మీ పరువు చూసుకున్నారు, నేనూ మీ పరువే చూశాను. మధ్యలో నా కన్ను పోయింది!"

ఏడ్వబోయింది. డొప్ప కింద కన్ను మండి, ఏడ్వలేక పళ్ళు బిగబట్టుకుంది. ఏడిస్తే మందు కొట్టుకుపోతుందని డాక్టరమ్మ చెప్పి పంపింది కూడా.

వెళ్ళిపోవాలా ఉండాలా అత్తయ్యకి తెలియలేదు. ఎప్పుడూ ఆగని కాళ్ళు ఒక అడుగు గుమ్మం వైపు వేశాయి కూడా. క్షమించమని అడుగుదామంటే ఆ మాట ఈ దెబ్బకి ఏ మూలకీ సరిపోదు. నిలబడలేకపోతోంది, వెళ్ళలేకపోతోంది.

మిషనమ్మాయి గోడ గడియారం వైపు కుడి కన్ను తిప్పింది. డొప్ప ఊడదీసి, వెల్లకిలా పడుకుంది.

"గంటయింది. చుక్కలు వెయ్యండి."

అత్తయ్య సంచిలోంచి సీసా తీసి మంచం అంచున కూర్చుంది. ఎడమ చేత్తో రెప్ప విప్పింది. కూర్చున్నచోట నిలవలేక అటూ ఇటూ కదిలేసరికి మొదటి చుక్క చెంప మీద పడింది.

"కదలకుండా కూర్చోండత్తయ్యా" అంది మిషనమ్మాయి.

అత్తయ్య కదలకుండా కూర్చుంది. రెండో చుక్క కంట్లో పడింది.